గని ఎక్కడికీ పోదు, డబ్బే పోతుంది

షేర్ మార్కెట్ గురించి తెలుగులో మాట్లాడేవాళ్లు పెరిగాక ఒక సలహా మరీ ఎక్కువగా వినబడుతోంది. ఏదో గనుల కంపెనీకి అటవీ అనుమతి ఆగిందనో, కోర్టు స్టే ఇచ్చిందనో వార్త వచ్చి షేరు పడిందంటే చాలు, మర్నాటికల్లా వీడియో సిద్ధం. "ఇదే మంచి తరుణం. ఖనిజం ఎక్కడికీ పోదు. కేసులు ఇవాళ కాకపోతే రేపు తేలతాయి. భయపడి అమ్ముకునేవాడి దగ్గర కొని ఓపిక పట్టినవాడిదే లాభం." యూట్యూబ్ గురువులే కాదు, టై కట్టుకుని బ్రోకరేజి నివేదికలు రాసేవాళ్లూ ఇదే మాటను కాస్త మర్యాదగా చెబుతారు. రిస్కుల జాబితాలో చిట్టచివర "అనుమతుల్లో జాప్యం" అని ఒక ముక్క రాస్తారు. టార్గెట్ ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం గని వచ్చే ఏడాదే మొదలైపోతుందన్నట్టు టన్నులు లెక్కకట్టేస్తారు.

ఈ వాదన తప్పు. కొంచెం అటూ ఇటూ తప్పు కాదు, పునాదిలోనే తప్పు. గనుల కంపెనీ మీద పడే పర్యావరణ కేసును వీళ్లు ఉత్త ఆలస్యం కింద జమకడుతున్నారు. చాలాసార్లు ఆ కేసు తేల్చేది ఎప్పుడు తవ్వాలన్నది కాదు, తవ్వే హక్కు అసలు ఉందా లేదా అన్నది. మొదటిదైతే ఓపిక పనికొస్తుంది. రెండోదానికి ఓపికతో సంబంధమే లేదు.

"ఖనిజం ఎక్కడికీ పోదు" అన్నదానితో మొదలుపెడదాం. పోదు, నిజమే. కానీ అది కంపెనీది కాదు కదా. కంపెనీ చేతిలో ఉండేది ఒక లీజు, దానికి తోడు అరడజను అనుమతులు. గోవాలో ఏం జరిగిందో చూడండి. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపేసింది. ఆ లీజుల గడువు 2007లోనే ముగిసిపోయిందని 2014లో తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వం హడావిడిగా 88 లీజులు రెన్యువల్ చేస్తే 2018 ఫిబ్రవరి 7న వాటినీ కొట్టేసింది. ఖనిజం కొండల్లోనే ఉంది, రేవు ఉంది, నదుల్లో బార్జీలు ఉన్నాయి. లీజు ఒక్కటే లేదు. బళ్లారిలోనూ అంతే. సరిహద్దులు దాటి ఘోరంగా తవ్విన గనులను "సి" కేటగిరీ అని విడదీసి 2013లో సుప్రీంకోర్టు ఆ లీజులు రద్దు చేసింది. తర్వాత అవి వేలానికి వచ్చాయి. 2016లో వాటిలో కొన్నింటిని జేఎస్‌డబ్ల్యూ స్టీల్ పాడుకుంది. అదే మట్టి, అదే ఖనిజం. పాత లీజుదారుణ్ని నమ్మి ఓపిక పట్టినవాడికి అందులో దక్కిందేమిటి?

మన ఇంటి ఉదాహరణ ఇంకా తేటగా ఉంటుంది. విశాఖ మన్యంలో బాక్సైట్ ఉందని దశాబ్దాలుగా అందరికీ తెలుసు. దాన్ని ఎవరు తవ్వకూడదో కూడా తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1/70 చట్టం చెబుతోంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కితే, 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ చట్టంలోని "వ్యక్తి" కిందికి ప్రభుత్వమూ వస్తుందని, ప్రైవేటు కంపెనీలకు సర్కారు ఇచ్చే లీజులూ చెల్లవని తేల్చింది. దేశమంతా చదివిన తీర్పు ఇది.

ఇదంతా తెలిసే 2005లో జిందాల్ సంస్థతోనూ, 2007లో రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థతోనూ రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుంది. సమత తీర్పును పక్కనుంచి దాటే ఉపాయం ఒకటి కనిపెట్టారు. తవ్వేది ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ, ఖనిజం తీసుకునేది ప్రైవేటు కర్మాగారం. రస్ అల్ ఖైమా, పెన్నా గ్రూపు కలిసి పెట్టిన అన్‌రాక్ కంపెనీ నర్సీపట్నం దగ్గర మాకవరపాలెం మండలం రాచపల్లిలో వేల కోట్లతో రిఫైనరీ కట్టేసింది. గని రాలేదు. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లను ఏపీఎండీసీకి అప్పగిస్తూ జీవో 97 వచ్చింది. మన్యం భగ్గుమంది. ప్రభుత్వమే జీవోను పక్కన పెట్టింది. 2019 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం దాన్ని పూర్తిగా రద్దు చేసింది. ఒక చిన్న విశేషం: 2007లో ఒప్పందం చేసుకున్న ముఖ్యమంత్రి కుమారుడే 2019లో రద్దు చేసిన ముఖ్యమంత్రి. "సర్కారు మన వైపుంది, అనుమతులు నడిచొస్తాయి" అని చెప్పేవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగితే మంచిది. సర్కారుకు ఎన్నికలుంటాయి. బాక్సైట్‌కు ఓటు లేదు, మన్యంలో మనుషులకు ఉంది.

అన్‌రాక్ షేరు మార్కెట్‌లో లేదు కాబట్టి మన డీమ్యాట్ ఖాతాలు బతికిపోయాయి, అంతే. తర్కం మాత్రం అదే. అంత డబ్బు పెట్టినవాళ్లకు సలహాదారులు లేకనా? లాయర్లు లేకనా? ఖనిజం ఎక్కడికీ పోదు, ప్రభుత్వం మాటిచ్చింది, కేసులదేముంది అన్న లెక్క వాళ్లదీనూ. చివరికి రస్ అల్ ఖైమా సంస్థ భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. అది విదేశీ పెట్టుబడిదారుకు ఒప్పందం ఇచ్చిన దారి. నూరు షేర్లు కొన్న గుంటూరు రిటైర్డ్ మాస్టారికి ఆ దారి లేదు.

ఉత్తరాంధ్ర సరిహద్దు దాటి కాస్త పైకి వెళ్తే నియమగిరి. ఈ కథ ఓపిక సిద్ధాంతం మొత్తాన్ని ఒంటిచేత్తో కూల్చేస్తుంది కాబట్టి నిదానంగా చెప్పుకోవాలి. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్‌తో స్టెరిలైట్ (వేదాంత) వర్గం ఒప్పందం కుదిరింది 1997లో. కొండ మీద ఏడు కోట్ల టన్నులకు పైగా బాక్సైట్, కొండ కింద లాంజిగఢ్‌లో ఏడాదికి పది లక్షల టన్నుల అల్యూమినా రిఫైనరీ, పైనుంచి కిందికి కన్వేయర్ బెల్టు. కాగితం మీద ఇంత చౌకైన ఖనిజం ప్రపంచంలో ఎక్కడా దొరకదు. రిఫైనరీకి 2004లో పర్యావరణ అనుమతి తీసుకున్నారు, గని సంగతి వేరేగా చూసుకోవచ్చని. కట్టేశారు. సుప్రీంకోర్టు నియమించిన సెంట్రల్ ఎంపవర్డ్ కమిటీ 2005 సెప్టెంబరులోనే ఆ రిఫైనరీ అనుమతిని రద్దు చేయాలని సిఫార్సు చేసింది. అది రహస్య నివేదిక కాదు. 2007లో నార్వే ప్రభుత్వ పింఛను నిధి వేదాంత షేర్లు వదిలించుకుంది, 2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అమ్మేసుకుంది. అప్పట్లో మన మార్కెట్ పండితులు వాళ్లను ఆదర్శాలు వల్లించే అమాయకులుగా చూశారు.

నిజానికి 2008 ఆగస్టులో ఓపిక సిద్ధాంతం గెలిచినట్టే కనిపించింది. 660 హెక్టార్ల అటవీ భూమి మళ్లింపునకు సుప్రీంకోర్టు పచ్చజెండా ఊపింది. కేసు తేలిపోయిందన్నారు. రెండేళ్లకు, 2010 ఆగస్టులో, సక్సేనా కమిటీ నివేదిక చూసి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ రెండో దశ అటవీ అనుమతి నిరాకరించింది. మళ్లీ కోర్టు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఎవరూ ఊహించని పని చేసింది, నిర్ణయాన్ని గ్రామసభలకు అప్పగించింది. అటవీ హక్కుల చట్టం కింద ఆ కొండ మీద తమ మతపరమైన, సాంస్కృతిక హక్కులు ఏమిటో వాళ్లనే చెప్పమంది. జులై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి సమక్షంలో పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. ఆ ఊళ్లను ఎంపిక చేసింది రాష్ట్ర ప్రభుత్వమే. డోంగ్రియా కోందులు, వాళ్ల ఇరుగుపొరుగు పన్నెండుకు పన్నెండు చోట్లా వద్దన్నారు. 2014 జనవరిలో కేంద్రం తిరస్కరణను ఖాయం చేసింది. మళ్లీ గ్రామసభలు పెట్టించమని ఒడిశా సంస్థ 2016లో అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

1997 నుంచి 2014 దాకా, పదిహేడేళ్లు. ఏడాదికి 12 శాతం రాబడి ఆశించేవాడికి పదిహేడేళ్ల తర్వాత వచ్చే వంద రూపాయలు ఇవాళ పదిహేను రూపాయలు కూడా చెయ్యవు. అది కూడా గెలుపు ఖాయమైతే. గెలుపు సగం సగం అనుకుంటే ఏడున్నర కూడా చెయ్యవు. వంద రూపాయల షేరు యాభైకి దొరికిందని సంబరపడేవాడు ఈ కూడిక తీసివేతలు ఎప్పుడైనా చేశాడా? ఇక్కడ సగం సగం అన్నది నా ఔదార్యం. నియమగిరిలో గెలుపు ఎప్పుడూ రాలేదు.

దీనికి వాళ్లు చెప్పే గట్టి సమాధానం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. "నియమగిరి పోయినా వేదాంత చచ్చిపోలేదు కదా. లాంజిగఢ్ నడుస్తూనే ఉంది, సామర్థ్యం పెంచుకుంది. తూత్తుకుడి రాగి కర్మాగారం మూతపడ్డాక షేరు కొన్నవాడు కూడా డివిడెండ్లతో కలుపుకుంటే లాభంలోనే ఉన్నాడు." ఇది నిజం. 2022-23 ఒక్క ఏడాదే ఆ కంపెనీ షేరుకు 101.50 రూపాయల డివిడెండు పంచింది. కానీ ఆ డబ్బు ఎక్కడిది? హిందుస్థాన్ జింక్ నుంచి, ఝార్సుగూడ అల్యూమినియం నుంచి, రాజస్థాన్ చమురు నుంచి వచ్చింది. కేసులో ఉన్న కొండ నుంచి ఒక్క పైసా రాలేదు. లాంజిగఢ్ రిఫైనరీ 2012 డిసెంబరులో బాక్సైట్ లేక మూతపడి కొన్ని నెలల తర్వాత తెరుచుకుంది. అప్పటి నుంచీ దేశంలో పలుచోట్ల నుంచి, విదేశాల నుంచి ఖనిజం కొనుక్కుని నడుస్తోంది. గుమ్మం ముందే కొండ ఉండగా ఓడల్లో మట్టి తెప్పించుకునే ఖర్చును పెద్ద సంస్థ తట్టుకోగలిగింది, ఇంకో జేబులో డబ్బుంది కాబట్టి. వేదాంతలో లాభపడ్డవాడు వేరే వ్యాపారాల మీద పందెం కాసి గెలిచాడు. ఆ గెలుపును పట్టుకొచ్చి, ఉన్న ఒక్కగానొక్క గని కోర్టులో ఉన్న బుల్లి కంపెనీకి సాక్ష్యంగా చూపడం మోసం.

తూత్తుకుడి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. "వీధుల్లో నెత్తురు పారుతున్నప్పుడు కొనాలి" అన్న మార్కెట్ సామెతను మనవాళ్లు తెగ వాడతారు. 2018 మే 22న తూత్తుకుడిలో నిజంగానే పారింది. స్టెరిలైట్ రాగి కర్మాగారానికి వ్యతిరేకంగా కలెక్టరేట్‌కు బయల్దేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, పదమూడు మంది పోయారు. మే 28న తమిళనాడు ప్రభుత్వం కర్మాగారం మూసేసింది. అది గని కాదు, స్మెల్టర్. అయినా పాఠం అదే. డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ తెరవమంది, "చూశారా, తేలిపోయింది" అన్నారు. 2019 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, ట్రిబ్యునల్‌కు ఆ అధికారమే లేదని. 2020 ఆగస్టులో మద్రాసు హైకోర్టు మూసివేతను సమర్థించింది. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలు తోసిపుచ్చింది. ఏడాదికి నాలుగు లక్షల టన్నుల కర్మాగారం, దేశపు రాగిలో పెద్ద వాటా. దేశానికి అవసరం కాబట్టి తెరుస్తారు అన్నది అప్పటి ధీమా. దేశం రాగి దిగుమతి చేసుకుంది, కర్మాగారం తెరుచుకోలేదు. ఆ సామెత వాడేవాళ్లకు ఆ నెత్తురు ఎవరిదో పట్టదనుకున్నా, వ్యాపారం కోసమైనా ఒకటి పట్టాలి: మనుషులు చచ్చిన చోట రాజీలు కుదరవు.

పోగొట్టుకునేది షేరు విలువే కదా, అంతకంటే ఏం పోతుంది అనేవాళ్లకు 2017 ఆగస్టు 2 నాటి కామన్ కాజ్ తీర్పు చూపించాలి. ఒడిశాలో పర్యావరణ అనుమతి లేకుండా, లేదా అనుమతించినదానికి మించి తవ్విన ఇనుము, మాంగనీస్ ఖనిజం అక్రమ తవ్వకమే అని సుప్రీంకోర్టు అంది. లాభం మీద జరిమానా కాదు, ఆ ఖనిజం మొత్తం ధర కట్టమంది. ఏళ్ల కిందట తవ్వి, అమ్మి, డివిడెండుగా పంచేసిన ఖనిజం ధర. ఇవాళ్టి వాటాదారు ఆ డివిడెండు తిని ఉండడు, జరిమానా మాత్రం అతని షేరులోంచే పోతుంది. 2024 జులై 25న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1 తేడాతో ఖనిజ హక్కుల మీద పన్ను వేసుకునే అధికారం రాష్ట్రాలదన్నది. ఆగస్టు 14న ఇంకో మెట్టు ఎక్కి, 2005 ఏప్రిల్ 1 నుంచి బాకీలు వసూలు చేసుకోవచ్చంది, 2026 ఏప్రిల్ నుంచి పన్నెండేళ్ల వాయిదాల్లో. వడ్డీ, జరిమానా మాఫీ చేయడమే దయ. కేసు నడుస్తుండగా షేరు చౌకగా కనిపించడం వేరు, ఆ కేసు బాకీ అందులో కలిసి ఉండటం వేరు.

ఈ బాకీలు ఎక్కడ కనబడతాయి? వార్షిక నివేదికలో, చివరి వంద పేజీల్లో, కాంటింజెంట్ లయబిలిటీలు అనే నోట్‌లో. చిన్న అక్షరాలు, కోట్లలో అంకెలు. ఇండ్ ఏఎస్ 37 అనే లెక్కల ప్రమాణం ప్రకారం డబ్బు పోవడమే ఎక్కువ సంభవమైతే ఖాతాల్లో ప్రొవిజన్ చెయ్యాలి, పోవచ్చు అనుకుంటే నోట్‌లో చూపితే చాలు, పోయే అవకాశం బహు తక్కువ అనుకుంటే అదీ అక్కర్లేదు. ఆ అనుకోవడం ఎవరి పని? యాజమాన్యం పని. అందుకే దాదాపు ప్రతి నివేదికలోనూ ఒకే ధోరణి కనిపిస్తుంది: న్యాయ సలహా తీసుకున్నాం, మా కేసు గట్టిది, అందుచేత ప్రొవిజన్ చెయ్యలేదు. ఆడిటర్ ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్ అని ఒక పేరా రాసి ఆ నోట్ వైపు వేలు చూపి ఊరుకుంటాడు. గట్టి కేసులు ఉన్నవాళ్లంతా గెలిచి ఉంటే ఇంతమంది ఓడినవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు? లాభం పక్కన పీఈ నిష్పత్తి చూసి చౌక అనేవాడు ఆ నోట్‌లోని అంకెను కంపెనీ నికర విలువతో భాగించి చూశాడా అన్నది నా అనుమానం.

చివరికి కోర్టులు కనికరిస్తాయన్న ఆశ కూడా ఉంది. 2025 మేలో వనశక్తి కేసులో, తవ్వేశాక తెచ్చుకునే పర్యావరణ అనుమతులు చెల్లవని సుప్రీంకోర్టు అంది. నవంబరులో అదే కోర్టు 2:1 తేడాతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. దీన్ని గెలుపుగా చూపిస్తున్నారు. ఆరు నెలల్లో అటు నుంచి ఇటు మారిన నియమం రేపు ఇటు నుంచి అటు మారదని హామీ ఎవరిస్తారు?

"ఇక ముందు కాలం వేరు, విద్యుత్ వాహనాలకు రాగి కావాలి, కీలక ఖనిజాలకు ఏ దేశమూ అడ్డు చెప్పలేదు" అన్నది సరికొత్త వెర్షన్. పనామాకు వెళ్దాం. కోబ్రే పనామా గనిలో కెనడాకు చెందిన ఫస్ట్ క్వాంటమ్ సంస్థ సుమారు వెయ్యి కోట్ల డాలర్లు పెట్టింది. ప్రపంచ రాగిలో ఒక శాతానికి పైన, ఆ దేశపు ఆర్థిక వ్యవస్థలో దాదాపు అయిదు శాతం. ఇంత పెద్దదాన్ని ఎవరు మూస్తారు? ఆ గని ఒప్పందానికి ఆధారమైన 1997 నాటి చట్టం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. 2019లో గని వాణిజ్య ఉత్పత్తి మొదలెట్టింది. 2023 అక్టోబరులో కొత్త ఒప్పందం చట్టమైతే దేశం రోడ్డెక్కింది, నవంబరు 28న కోర్టు దాన్నీ కొట్టేసింది. కొన్ని వారాల్లో షేరు సగానికి పైగా కరిగిపోయింది. అలాస్కాలో పెబుల్ గని మీద ఆంగ్లో అమెరికన్ యాభై కోట్ల డాలర్లకు పైగా పోసి 2013లో చేతులు దులుపుకుంది, మరుసటి ఏడాది రియో టింటో తన వాటాను అక్కడి ధార్మిక సంస్థలకు ఊరికే ఇచ్చేసింది. అనుమతులు తెచ్చుకోవడంలో ఆరితేరిన దిగ్గజాలు వదిలేసిన చోట, ఓపిక పడితే లాభమని చిన్న మదుపరులకు చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

అయితే గనుల షేర్లే ముట్టుకోవద్దా అంటే, అలా అనను. బళ్లారికే తిరిగి వెళ్తే, 2011లో అన్ని గనులూ ఒకే ఉత్తర్వుతో ఆగాయి. కానీ ఉల్లంఘన లేనివాటిని, స్వల్పంగా ఉన్నవాటిని "ఎ" అని, దిద్దుకోగలవాటిని "బి" అని విడదీసి, అడవిని సరిచేసే ప్రణాళికలు అమలుచేస్తూ వాటిని దశలవారీగా తెరిచారు. ఎన్‌ఎండీసీ దోణిమలై గని 2018 నవంబరులో ప్రీమియం చెల్లింపు మీద కర్ణాటకతో తగవుపడి ఆగి, 2021 ఫిబ్రవరిలో తెరుచుకుంది. అది డబ్బు తగవు, ఎంత కట్టాలన్నది తేలితే అయిపోయింది. డబ్బు కట్టి తీర్చుకునే తగవు ఒకటి. అక్కడ బతికేవాళ్లు వద్దన్నారు, చట్టం వాళ్ల మాటకు బలమిచ్చింది అన్న తగవు ఇంకొకటి. రెంటికీ షేరు ఒకేలా పడుతుంది కాబట్టి రెండూ ఒకటే అనుకోవడమే ఈ పండితుల తెలివి.

తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. గని షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా, అటవీ అనుమతి మొదటి దశలో ఆగిందా రెండో దశ దాటిందా, గ్రామసభ తీర్మానం జతపరిచారా లేదా, ఫారెస్ట్ అడ్వైజరీ కమిటీ ఏం అడిగి ఫైలు వెనక్కి పంపింది, ఇవన్నీ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో, కమిటీ మినిట్స్‌లో దొరుకుతాయి. ఉచితం. కొన్ని పేజీలే. టార్గెట్ ధర చెప్పేవాణ్ని ముందు అవి చదివావా అని అడగండి.